చెల్లెలికి రాసినట్టు

సెరెకుండా
3 ఆగస్టు 2015

న్యీమక్కకి,

ఇంట్లోవాళ్ళు ఉన్నారా? పొలంలోవాళ్ళు ఉన్నారా? బావ ఉన్నాడా, ఆయన మోకాలి నొప్పి కూడా ఉందా? ఇక్కడివాళ్ళం ఉన్నాం. శాంతి తప్ప మరో విశేషం లేదు.

పది రోజులుగా వాన తెరిపివ్వలేదు. మా వీధి చిన్న ఏరైంది. చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోతున్నాను. నిన్న పాఠం చెబుతుంటే రేకుల మీద వాన ఎంత గట్టిగా పడిందంటే నా గొంతు నాకే వినబడలేదు. పుస్తకం మూసేసి కూర్చున్నాను. పిల్లలు కూడా చేతులు కట్టుకుని ఆ చప్పుడే విన్నారు. ఈ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో అదే మంచిదేమో.

మన సైకూ వచ్చి మూడు రోజులుండి వెళ్ళాడు. పిన్ని పోయాక నువ్వు చంకనేసుకుని పెంచిన పిల్లాడు ఇప్పుడు మా గుమ్మం దాటాలంటే తల వంచాలి. నన్ను కడుపుబ్బ నవ్వించి వెళ్ళాడు. "మీ జిల్లాకి ప్రభుత్వమిచ్చిన ట్రాక్టరు ఎలా ఉందిరా, నువ్వే కదా దానికి డ్రైవరువి" అని అడిగాను. వాడు వేరుసెనగ పులుసు వేళ్ళతో నాకుతూ ఏమన్నాడో తెలుసా? "అది పెళ్ళికూతురికి అరువు తెచ్చిన నగ అన్నా. ఫొటోలు తీసేదాకా మన మెళ్ళో ఉంటుంది. టీవీవాళ్ళు అటు తిరగ్గానే జిల్లా అధికారి పొలానికి కాపరానికి పోయింది. మన ఆడాళ్ళ చేలో నాలుగు చాళ్ళు దున్నాను, అందులో రెండు కెమెరాకి సరిగ్గా పడలేదని మళ్ళీ దున్నించారు." అని వాడు నవ్వే తీరు నీకు తెలుసు కదా, ముందు భుజాలు నవ్వుతాయి, తర్వాత నోరు.

నువ్వు ఊరుకోవని తెలుసు. రోడ్డు వేశారు, ఆసుపత్రి కట్టారు, ఆడవాళ్ళ చేతికి చేలు ఇచ్చారు అంటావు. కాదనను. కానీ అక్కా, బడిలో నోరు మూసుకుని, మసీదు మెట్ల మీద నోరు మూసుకుని, పేరు పెట్టే వేడుకలో కూడా పక్కవాడెవడో చూసుకుని మాట్లాడాల్సి వస్తే, ఆ రోడ్డు మీద ఎక్కడికి పోవాలి?

ఫోన్లో ఇవన్నీ అనలేను, ఎవరు వింటారో తెలీదు. కాగితమైతే హాయి. మన ఊరికి వ్యాను నడిపే బూబా చొక్కా జేబులోంచి నేరుగా నీ చేతిలోకి వస్తుంది.

నీ తమ్ముడు
డెంబో

*

బారోకుండా
21 ఆగస్టు 2015

ఒరేయ్ తమ్ముడూ,

ఉన్నాం. అందరం ఉన్నాం. మోకాలి నొప్పి కూడా ఉంది, నిన్ను అడిగానని చెప్పమంది.

నీ ఉత్తరం మూడు రోజులు ఆలస్యమైంది. బల్లకట్టు చెడిందన్నాడు బూబా, నా మొహం చూడకుండా. మనిషికి ఒంట్లో బాగాలేదేమో.

నాట్లు సాగుతున్నాయి. తెల్లారేసరికి చేలోకి దిగుతాం. ఆ వేళ ఏటి మీద పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే పక్కన వంగిన మనిషి నడుము దాకానే కనిపిస్తుంది. తల ఎక్కడో పాట పాడుతూ ఉంటుంది. మొన్న అలా వంగి నారు గుచ్చుతుంటే నా ఎడమపక్క ఎవరో నాతో సమంగా గుచ్చుకుంటూ వస్తున్నారు. చేతులు మాత్రం కనబడ్డాయి. అమ్మ చేతులు. అదే వంకర చిటికెనవేలు. నేను తల తిప్పలేదు, తిప్పితే పోతుందని. గట్టు దాకా ఇద్దరం వరస పూర్తి చేశాం. పొగ విడిపోయాక చూస్తే ఆ వరస నిజంగానే నాటి ఉంది. ఎవరు నాటారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నీ ఉత్తరం ఫోడెకి చదివి వినిపించాను. ట్రాక్టరు మాట దగ్గర మీ బావ నవ్వి, తర్వాత నవ్వినందుకు చుట్టూ చూశాడు. గ్రామపెద్ద కదా. "మీ తమ్ముడు చాలా చదువుకున్నాడు, రాయకూడనిది మాత్రం ఇంకా చదువుకోలేదు" అన్నాడు. నేను నీ పక్షం కాదు, విను. ఆ రోడ్డు లేనప్పుడు పిన్నిని మంచం మీద మోసుకుపోయాం, దారిలోనే పోయింది. నువ్వప్పుడు పట్నంలో చదువుకుంటున్నావు. నోరు తెరిచే స్వేచ్ఛ గొప్పదే, ఊపిరాడే మనిషికి. ముందు ఆ రోడ్డు కావాలి నాకు. తర్వాత నీ మాటలు.

సైకూ వచ్చాడు. కుండెడు అన్నం తిన్నాడు. పొలాల్లో ఆడవాళ్ళని ఏడిపిస్తున్నాడు. పిల్లని చూడమంటావా వాడికి?

నీ అక్క
న్యీమా

*

సెరెకుండా
10 సెప్టెంబరు 2015

అక్కా,

సైకూని తీసుకుపోయారట. మన ఊరికీ ఇక్కడికీ తిరుగుతూ చేపలమ్మే మరియామా నిన్న మార్కెట్లో నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి చెప్పింది. రెండో తారీకున, పట్టపగలు, వాడు చేలో ఉండగా. నంబరు లేని బండి అట. నిజమేనా? ఎక్కడ పెట్టారు? ఏం తప్పు చేశాడట? బావ గ్రామపెద్ద కదా, ఆయన అడగలేదా?

వాడు ఎవరి ముందు ఏం వాగాడో కనుక్కో. మీ ఇంటికి ఎవరెవరు వస్తున్నారు? ఎవరో చెప్పి ఉంటారు. చెప్పకుండా వాళ్ళకెలా తెలుస్తుంది?

వెంటనే రాయి. ఈ కాగితం మరియామా చేతికే ఇస్తున్నాను.

డెంబో

*

బారోకుండా
30 సెప్టెంబరు 2015

ప్రియమైన చెల్లీ,

ఉన్నావా? నేను ఉన్నాను. ఇక్కడ అంతా శాంతి. ప్రభుత్వం వారి దయవల్ల వానలు మంచిగా పడ్డాయి, చేలు పచ్చగా ఉన్నాయి. మా జిల్లా అధికారి స్వయంగా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

మా తమ్ముడి కబురు అడిగావు. వాడు ఆగస్టు ఆఖరున ఉద్యోగం మానేసి యూరపుకి పడవ దారి పట్టాడు. ఎవరికీ చెప్పకుండా పోయాడు. సముద్రం మీద ఉన్నాడో, సముద్రం కింద ఉన్నాడో తెలీదు. ఇక వాడి చేతిరాత ఈ జన్మలో చూస్తానని అనుకోను. చూడకపోతేనే మంచిది.

మా ఇంటి పిల్లాణ్ణి పనిమీద పిలిచారు. వాడి సంగతి పెద్దలు చూసుకుంటారు. మనం అడగకూడదు.

మధ్యాహ్నాలు వడ్లపిట్టల్ని తోలడానికి మంచె మీద పడుకుంటున్నాను. కళ్ళు మూస్తే ఏరు నా వీపు కిందనుంచి పారుతున్నట్టుంటుంది. ఒక కల వస్తోంది, వచ్చిందే వస్తోంది. నీటిగుర్రాలు బారులు తీరి ఏటిలోంచి లేచి ఊళ్ళోకి నడుస్తాయి. ఒక్క అడుగు చప్పుడు ఉండదు. ఒక్కో ఇంటి ముందు ఒకటి ఆగి, గుమ్మంలో తల పెట్టి వింటుంది. ఇళ్ళలో అందరూ నిద్ర నటిస్తుంటారు. నేను కూడా. కలలోనే నిద్ర నటించడం ఎంత కష్టమో నీకు చెప్పలేను చెల్లీ.

ఒంట్లో జాగ్రత్త. ఎక్కువ చదవకు, ఎక్కువ రాయకు, కళ్ళు పాడవుతాయి.

న్యీమా

*

సెరెకుండా
20 నవంబరు 2015

అక్కకి,

పలకరింపులు రావడం లేదు, క్షమించు.

నిన్న బూబా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "రాయొద్దంది మీ అక్క. ఇక ఒక్క ముక్క కూడా రాయొద్దంది" అని చెప్పి, టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా నా చేతి టీ తాగుతున్న మనిషి.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. నన్ను చెల్లీ అన్నావు. మన ఊళ్ళో పిరికివాణ్ణి ఆడపేరుతో పిలుస్తారని నాకు గుర్తుంది. ఇక్కడ పట్నంలో కూర్చుని నోరు మూసుకున్నానని కదా? నేను సముద్రంలో పోయానని రాశావు. సరే, పోయాననుకో. కానీ సైకూ? నువ్వు పాలు పట్టిన పిల్లాడు. వాణ్ణి 'పనిమీద పిలిచారు' అని రాయడానికి నీ చెయ్యెలా వచ్చింది? వాడి సంగతి పెద్దలు చూసుకుంటారా?

మరియామా ఇంకొకటి కూడా చెప్పింది. సైకూని తీసుకుపోయిన మర్నాడు బావ ఠాణాలోంచి బయటికి వస్తుంటే అధికారి గుమ్మం దాకా వచ్చి చెయ్యి కలిపాడట. బావ చంకలో గ్రామపెద్ద ముద్ర ఉన్న సంచి ఉందట. ఏ కాగితం మీద వేశాడు ఆ ముద్ర? ట్రాక్టరు మాట నేను నీకు తప్ప ఎవరికీ రాయలేదు. నువ్వు ఆయనకి తప్ప ఎవరికీ చదవలేదు. లెక్క ఎంత సులభమో చూడు.

ఈ ఉత్తరం మరియామా చేపలబుట్ట అడుగున వస్తుంది. నీ మాట ప్రకారం ఇదే ఆఖరిది.

డెంబో

*

బారోకుండా
1 డిసెంబరు 2016

ప్రియమైన చెల్లీ,

నీ కోపం అందింది. ఏడాదిగా వడ్ల గాదెలో దాచుకున్నాను.

ఇవాళ ఓటు వేసి వచ్చాను. ఫోన్లు పొద్దుటినుంచి పని చెయ్యడం లేదు, ఊరంతా చెవులు మూసుకున్నట్టుంది. గాలిలో ఎడారి దుమ్ము వచ్చేసింది. సూర్యుణ్ణి కంటితో చూడొచ్చు, పాలలో వేసిన నాణెంలా ఉన్నాడు. ఆ దుమ్ములో మూడు గంటలు వరసలో నిలబడ్డాం, ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనపడదు. ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో గాజు గోలీ పెట్టారు. లోపల మూడు పీపాలు, ఒక్కో అభ్యర్థికి ఒకటి. గోలీ గొట్టంలో పడగానే లోపల గంట ఒక్కసారి మోగుతుంది, నీకు తెలిసిందే. బయట నిలబడ్డవాళ్ళకి గంట వినిపిస్తుంది కానీ ఏ పీపాలోనో వినిపించదు.

మధ్యాహ్నం ఆ గంటలు వింటూ చేలో నిద్రపోయాను. టింగు. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. టింగు. నీళ్ళ అడుగునుంచి ఎవరో ఒక్కొక్కరూ మేం ఉన్నాం అని చెబుతున్నట్టుంది.

నా గోలీ గుప్పిట్లో వెచ్చబడే దాకా పట్టుకున్నాను. ఎక్కడ వేశానో అడగకు. గోలీకి నోరు లేదు, అందుకే అదంటే నాకు నమ్మకం.

న్యీమా

*

సెరెకుండా
9 ఫిబ్రవరి 2017

అక్కకి,

రాయనన్నాను. కానీ దేశమే మాట మార్చుకుంది, నేనెంత. ఎన్నికల్లో ఓడినా గద్దె దిగనన్న పెద్దమనిషి చివరికి దిగిపోయాడు. భయపడి సరిహద్దు దాటిపోయిన జనం పరుపులు నెత్తిన పెట్టుకుని తిరిగి వస్తున్నారు. మా టీచర్ల గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. గోలీలు తీసేసి కాగితం పెట్టాలని ఒకడు, రాజ్యాంగం తిరగరాయాలని ఒకడు, ముందు కరెంటు ఇవ్వండిరా అని వంటావిడ.

సైకూని వదిలారు. పదహారు నెలలు. నాలుగు రోజులు నా దగ్గర ఉన్నాడు. ఎడమ చెవి సరిగా వినబడదు. అన్నం ముందు పెడితే, తినమని చెప్పేదాకా ముట్టుకోడు. నా మంచం ఇస్తే వద్దని గుమ్మంలో పడుకున్నాడు, ఆకాశం కనబడాలట. ఎవరు చెప్పారురా నీ మీద అని అడిగితే, ఏటి వైపు చూసే మనిషిలా గోడ వైపు చూశాడు. అయిదో రోజు సంచి సర్దుకున్నాడు. "అక్క దగ్గరికి పోతానన్నా" అన్నాడు. "ఎక్కడికి పోతున్నావో తెలుసా నీకు?" అన్నాను. "తెలుసన్నా. ఆ ఇల్లు నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు" అన్నాడు.

ఇప్పుడు ఎవరికీ భయపడక్కర్లేదు. కాబట్టి అడుగుతున్నాను. ఆ రోజు బావ ముద్ర వేసిన కాగితంలో ఏముంది?

డెంబో

*

బారోకుండా
2 మార్చి 2017

తమ్ముడు డెంబోకి,

నీ పేరు రాసి ఎన్నాళ్ళయింది. రాశాక కాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను.

సైకూ వచ్చాడు. ఊరివాళ్ళు డప్పులతో ఎదురెళ్ళబోతే ఫోడె ఆపాడు. "చప్పుడు వద్దు. పిల్లాడు నడిచి రానీ" అన్నాడు. వాడు రేవునుంచి నెమ్మదిగా నడిచి వచ్చి మా వాకిట్లో చాపమీద కూర్చున్నాడు. రోజంతా కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు పలకరించి, మర్యాదకి కోలా కాయ ముక్క వాడి ముందు పెట్టి వెళ్ళారు. సాయంత్రానికి వాడి చుట్టూ ముక్కలే. తర్వాత వాడు లేచి ఏట్లో దిగి మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు. నేను గట్టున కూర్చున్నాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వాడి తల ఒక్కటే నీళ్ళ మీద పెట్టినట్టు ఉంది. అలా ఎంతసేపైనా చూడగలననిపించింది.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పను. కోపంతో కాదు. పోనివ్వు. దేవుడి దగ్గర ఉంది, అక్కడే ఉండనీ.

ఫోడె నిన్ను అడిగాడు. కోతకి వస్తాడా అని.

న్యీమా

*

సెరెకుండా
28 జనవరి 2019

అక్కకి,

పోనివ్వమన్నావు. రెండేళ్ళు పోనిచ్చి చూశాను. పోలేదు.

రాజధానిలో పాత పాలన దారుణాల మీద విచారణ సంఘం మొదలైంది, రేడియోలో వింటూనే ఉంటావు. మార్కెట్లో ఉల్లిపాయలమ్మేవాళ్ళు కూడా త్రాసు పక్కన రేడియో పెట్టుకుని వింటున్నారు. బాధపడినవాళ్ళు మాట్లాడుతున్నారు, బాధపెట్టినవాళ్ళు కూడా మాట్లాడుతున్నారు. మా బడిలో దీని మీద పెద్ద గొడవ. క్షమించేసి ముందుకి పోవాలని సగం మంది. పేరు చెప్పకుండా ఎవర్ని క్షమించాలని మిగతా సగం. నేను రెండో సగంలో ఉన్నాను. చేసినవాడి పేరు ఎవరూ ఎత్తకపోతే, రేపు ఇంకో అధికారి వస్తాడు, ఇంకో సైకూ పోతాడు. నీ 'పోనివ్వు' అనే మాట మీదే ఇరవై రెండేళ్ళు ఈ దేశం అలా నడిచింది.

నువ్వు జవాబు చెప్పననడమే నాకు జవాబు అయింది. అందుకే సంఘంవాళ్ళకి కాగితం రాసి ఇచ్చాను. అందులో బావ పేరు ఉంది. దాచి చెయ్యడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందుగా నీకు చెబుతున్నాను. నన్ను శపించాలనుకుంటే శపించు.

డెంబో

*

బారోకుండా
24 ఫిబ్రవరి 2019

డెంబో,

నీ ఉత్తరమూ, సంఘంవాళ్ళూ ఒకే వారంలో వచ్చారు. ఇద్దరు మర్యాదస్తులు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఊరి అరుగు మీద పెద్దలందరి ముందు నీ కాగితం చదివారు. ఫోడె నిలబడి విన్నాడు. చదవడం అయ్యాక, "నా బావమరిది అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయనకి తెలిసింది ఆయన చెప్పాడు" అన్నాడు. అంతే. ఇంటికి వచ్చి, ముద్ర సంచి గోడనుంచి తీసి, పెద్దల ముందు పెట్టి, ఇక గ్రామపెద్దగా ఉండనని చెప్పి వచ్చాడు. అప్పటినుంచి వాకిట్లో పడమర తిరిగి కూర్చుంటున్నాడు. మాట్లాడితే పలుకుతాడు.

అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

సైకూని తీసుకుపోయిన మర్నాడు నన్నూ ఫోడెనీ ఠాణాకి పిలిచారు. బల్ల మీద ఒక కాగితం పెట్టారు. నీ ఉత్తరం. నకలు తీసినది. ఆగస్టు మూడో తారీకుది. అరువు నగ మాట కింద ఎర్ర గీత గీసి ఉంది, సైకూ పేరు కింద రెండు గీతలు. బల్లకట్టు చెడిపోలేదు తమ్ముడూ. చెక్‌పోస్టులో బూబా జేబులోని ఉత్తరం లాక్కుని మూడు రోజులు ఉంచుకున్నారు. బూబాకి నోరు తెరిస్తే వ్యాను ఉండదని చెప్పారు.

ఎవరూ వాడి మీద చెప్పలేదు. నీ ఉత్తరమే చెప్పింది.

రాసినవాడు ఎక్కడ అని అడిగారు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు, వాడు పడవ దారి పట్టి పోయాడన్నాను. ఆ ఏడాది ప్రతి ఇంటినుంచి ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు కదా, నమ్మేలా ఉంది. "సాక్ష్యం?" అన్నాడు అధికారి. ఫోడె నా మొహం కూడా చూడలేదు. సంచిలోంచి ముద్ర తీశాడు. నా బావమరిది దేశంలో లేడని గ్రామపెద్దగా ప్రమాణం చేస్తున్నాను అని కాగితం రాయించి, ముద్ర వేశాడు. ఆ మనిషి జీవితంలో వేసిన ఒకే ఒక్క అబద్ధపు ముద్ర అది. అది తేలి ఉంటే ఆయన సైకూ పక్కన ఉండేవాడు. అధికారికి సెరెకుండా దాకా మనిషిని పంపే ఓపిక లేదు, ముద్ర దొరికింది, చాలనుకున్నాడు. అందుకే చెయ్యి కలిపాడు. ఇంటికి వచ్చాక ఫోడె ఆ చెయ్యిని ఏట్లో ఇసకతో తోముకోవడం నేను చూశాను.

తర్వాత నీ చేతిరాతతో ఇంకో కాగితం దొరికితే ఆయనా పోతాడు, నువ్వూ పోతావు. అందుకే రాయొద్దని బూబాతో చెప్పించాను. కారణం చెప్పే ధైర్యం వాడికి లేకపోయింది. నేనే బయల్దేరి వద్దామంటే వారం వారం ఠాణాలో కనబడాలన్నారు. అందుకే చెల్లీ అని రాశాను. వాళ్ళు చదువుతారని తెలిసి రాశాను. నా తమ్ముడు చదువుకున్నవాడు, అర్థం చేసుకుంటాడనుకున్నాను.

ప్రభుత్వం మారాక ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు ఫోడెని ద్వేషిస్తూ బతకగలవు. నీ కుడిచేతిని ద్వేషిస్తూ ఎలా బతుకుతావు? అందుకని నేనూ ఫోడె మాట్లాడుకున్నాం. "నా మీద ఉండనీ. నాకు వీపు వెడల్పు" అన్నాడు. ఇప్పటికీ ఆయన వద్దనే అంటున్నాడు. నేనే వినలేదు. పెద్దల ముందు ఆయన అలా నిలబడటం చూశాక నా వల్ల కాలేదు.

నేను రోడ్డే ముందన్నాను నీతో, నోటి సంగతి తర్వాత అన్నాను. ఆ రోడ్డు మీదే బండి వచ్చి వాణ్ణి తీసుకుపోయింది. ఈ మాట నీకు బాకీ ఉన్నాను, ఇచ్చేశాను.

న్యీమా

*

సెరెకుండా
19 మార్చి 2019

అక్కా,

మూడు వారాలు ఏం చేశానో సరిగ్గా చెప్పలేను. బడికి వెళ్ళాను, వచ్చాను. ఒక రోజు సముద్రం ఒడ్డున కూర్చుంటే పొద్దు ఎప్పుడు తిరిగిందో తెలీలేదు. పోటుకి నీళ్ళు వచ్చి బూట్లు తడిపాయి, అప్పుడు లేచాను. పిల్లలకి ఉత్తరం చదివి భావం రాయడం నేర్పుతాను నేను. పదిహేనేళ్ళుగా నేర్పుతున్నాను.

నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. నీటిగుర్రాలు గుమ్మాల్లో తల పెట్టి వింటున్నాయని రాశావు. నిద్ర నటించడం కష్టమని రాశావు. కళ్ళు పాడవుతాయి, రాయకు అన్నావు. ఇంతకన్నా ఎలా చెబుతారు ఎవరైనా?

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. నా కాగితం వెనక్కి ఇమ్మన్నాను. ఇవ్వకూడదట, దానికి ఇంకో కాగితం జత చెయ్యొచ్చట. చేశాను. అందులో నా పేరు రాశాను. ఆ ఉత్తరం రాసింది నేను, పేరు మార్చకుండా, ఆలోచించకుండా, అక్కని నవ్వించాలని రాశాను అని రాశాను. రాసుకున్న అమ్మాయి తలెత్తి, "అది నేరం కాదు సార్. ఉత్తరం తెరవడం నేరం" అంది. తెలుసన్నాను. తెలిసినా ఆ కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయాను.

తర్వాత సైకూకి ఫోన్ చేశాను. చెప్పాను. వాడి వెనక కొంగల అరుపులు వినబడుతున్నాయి. "నాకు మొదటి రోజే తెలుసన్నా. నా ముందే చదివారు" అన్నాడు. "మరి నాలుగు రోజులు నా ఇంట్లో ఉన్నావు కదరా, ఒక్క మాట అనలేదే" అన్నాను. "నువ్వు అన్నం వడ్డిస్తుంటే ఏమనను? కోపం వచ్చింది, రాలేదనను. ఆర్నెల్లు ఉంది. తర్వాత అది కూడా విసుగొచ్చి పోయింది" అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. పంపు మోటారుకి ఏదో సామాను కావాలి, తెస్తావా అన్నాడు.

నేను వస్తున్నాను. బావ పేరు ఎవరి ముందు చదివారో వాళ్ళ ముందే మాట్లాడాలి. ఆయన నా మొహం చూడకపోయినా ఫర్వాలేదు. చోటు చెయ్యి, చాలు.

డెంబో

*

బారోకుండా
16 ఏప్రిల్ 2019

తమ్ముడూ,

నువ్వు బల్లకట్టు ఎక్కాక జరిగింది నీకు తెలీదు కదా, అది రాస్తున్నాను.

అరుగు మీద నువ్వు మాట్లాడినప్పుడు ఫోడె నీ వైపు చూడలేదని బాధపడ్డావు. అయిదు రోజులూ పలకలేదన్నావు. ఆఖరి రోజు పొద్దున్న ఆయన మాట్లాడకుండా నీ సంచి భుజాన వేసుకుని నీకంటే ముందు రేవుకి నడిచినప్పుడు, పొమ్మంటున్నాడని అనుకున్నావు. నీ మొహం చూశాను నేను.

బల్లకట్టు కదిలాక అందరం వెనక్కి తిరిగాం. ఆయన తిరగలేదు. దుమ్ములో అవతలి గట్టు కనబడటం లేదు. నువ్వు ముందు గొడుగంత అయ్యావు, తర్వాత పిట్టంత, తర్వాత లేవు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏరు కూడా ఆగి ఆయనతోపాటు చూస్తున్నట్టుంది. నాకు ఆ మోకాలు ఎక్కడ మడత పడుతుందో అని భయం. అలా ఎంతసేపు నిలబడ్డామో.

ఇంటికి వచ్చాక చాప మీద వాలి, "వాడి ఉత్తరాలన్నీ తీసుకురా. చదువు" అన్నాడు. గాదెలోంచి తెచ్చాను. వరసగా చదివాను. వానలో పాఠం ఆపిన ఉత్తరానికి నవ్వాడు. చేపలబుట్టలో వచ్చినది వచ్చేసరికి నేను మడిచి కింద పెట్టాను. "అదెందుకు దాచావు, చదువు" అన్నాడు. చదివాను. ముద్ర సంచి మాటా, లెక్క ఎంత సులభమో చూడు అన్న మాటా, అన్నీ. మధ్యలో ఒకసారి ఆగాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

చదవడం అయ్యాక అన్నాడు. "నన్ను ఇంతగా అసహ్యించుకున్నాడంటే, ఆ పిల్లాణ్ణి ఎంత ప్రేమించి ఉండాలి."

పెద్దలు ముద్ర సంచి మళ్ళీ తెచ్చారు. ఆయన తీసుకోలేదు. ఆడవాళ్ళలో ఎవరికైనా ఇవ్వండి అన్నాడు. పెద్దలు సంచి పట్టుకుని వెనక్కి పోయారు. చేలల్లో మాత్రం దీని మీదే చర్చ, కొందరు నా పేరు కూడా అంటున్నారు. ముసలి సుతాయ్ అయితే ఆడది పెద్ద అయితే వానలు పడవంటున్నాడు. నీ అభిప్రాయం రాయి, కాదంటే పోట్లాడతాను.

సైకూ నువ్వు తెచ్చిన సామానుతో పంపు నడిపించాడు. నీళ్ళు చేలోకి వస్తున్నాయి. ఇది రాస్తుంటే నా కాళ్ళకి తగులుతున్నాయి, చల్లగా.

ఫోడె కోతకి రమ్మన్నాడు. నేను అడగకుండానే అన్నాడు.

నీ అక్క
న్యీమా